అద్దం కింద మూలరేవు

జలాశయంలో మునగబోయే మూలరేవు అనే ఊరిని అధికారులు బొటనవేలంత మనుషులకు సరిపోయేలా కుదించి, జిల్లా వారసత్వ కేంద్రం మూడో గదిలో, బల్ల మీద అద్దాల పెట్టెలో పెట్టారు. పని గడువులోగా ముగిసినందుకు ఇంజినీరుకు ప్రశంసాపత్రం ఇచ్చారు. జనాన్ని ముందే ఖాళీ చేయించారు. ఒక్క పోసయ్య మాత్రం దూడను విప్పుకొస్తానని వెనక్కి వెళ్లి ఊరితోపాటు కుంచించుకుపోయాడు. ఇంత పెద్ద పనిలో ఇలాంటివి మామూలే.

పునరావాస కాలనీ నుంచి అతని భార్య ఆదెమ్మ ప్రతి మంగళవారం టికెట్ కొనుక్కుని వచ్చేది.

"మా ఆయన్ని ఇప్పించండి బాబూ" అని క్యూరేటర్ శేషగిరిని అడిగింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా ఇచ్చేవాడే, రిజిస్టరే ఇవ్వలేదు. అందులో 'గ్రామం ఒకటి, మనిషితో సహా' అని ఉంది. రిజిస్టరుకెక్కిన వస్తువు విరిగితే తప్ప గడప దాటకూడదు. పోసయ్యను పరీక్షించిన సంఘం ఎక్కడా పగుళ్లు లేవని రాసింది.

"పోనీ నన్నే లోపలికి పంపండి. ఆయనకి వండిపెట్టే దిక్కు లేదండి."

"భార్య స్థానం ఖాళీ లేదమ్మా. ఊరు బోసిగా ఉంటే సందర్శకులు నిలబడటం లేదని మట్టిబొమ్మలు చేయించాం కదా. అందులో మీరూ ఉన్నారు."

ఆదెమ్మ మళ్లీ వంగి చూసింది. గుమ్మంలో మట్టి ఆదెమ్మ కూర్చుని ఉంది. పోసయ్య ముద్ద కలిపి దాని నోటి దగ్గర పెడుతున్నాడు. ఆమె అద్దం మీద వేలు పెట్టి బొమ్మ మొహం చూపించింది.

"ముక్కుపుడక ఎడమ పక్కన పెట్టారండి. మా ఊరి ఆడాళ్లం కుడి పక్కే పెట్టుకుంటాం. అదైనా మార్చండి."

"బడిపిల్లలు ఎడమ అనే రాసుకెళ్లారమ్మా. పుస్తకం కూడా అచ్చయింది. ఇప్పుడు మారిస్తే వాళ్లు పరీక్ష తప్పుతారు. మీరే మార్చుకోండి."

ఆ మాట కొత్తదేం కాదు. కాలనీలో మిగతా ఆడవాళ్లంతా ఎప్పుడో మార్చుకున్నారు. కుడి పుడకతో ఆఫీసుకు వెళితే మూలరేవు మనిషని ధ్రువపత్రం ఇవ్వడం లేదు. ఆదెమ్మ ఒక్కతే ఇన్నాళ్లూ మొండికేసింది, మొగుడు గుర్తుపట్టడేమోనని.

మరుసటి మంగళవారానికి ఆమె ఎడమ ముక్కు కుట్టించుకుంది. వాపు తగ్గకముందే వచ్చి అద్దానికి మొహం ఆనించింది. పోసయ్య మొదటిసారి తలెత్తాడు. చాలాసేపు ఆమెనే చూశాడు. తర్వాత మట్టిబొమ్మ వైపు తిరిగాడు.

"ఇదిగో, ఎవరో చూట్టానికొచ్చారే. అచ్చం నీలాగే ఉంది" అన్నాడు.

వెనక వరుసలో వాళ్లు తొందరపెడుతుంటే ఆదెమ్మ పక్కకు జరిగింది.