సైకిల్ దారిని కాపాడిన వైనం

మానవజాతి సాధించిన ఘనకార్యాలన్నిటిలోకీ గొప్పది, కారు నెత్తిన సైకిల్ కట్టుకుని సైకిల్ తొక్కడానికి వెళ్లడం. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని కెడ్రన్ ఫాల్స్ పట్టణం ఈ విద్యలో ఆరితేరింది. (సైకిల్ నెత్తిన కారు కట్టే పద్ధతిని కూడా పరిశీలించారట. బీమా కంపెనీ ఒప్పుకోలేదు.)

ఆ ఊళ్లో సైకిల్ మీద పనికి వెళ్లే ఏకైక మనిషి వివియన్ నోవాక్. నది అవతల వృద్ధాశ్రమంలో పొద్దుటి వంట ఆమెది. కారు కొనే స్తోమత లేదు, ఆ వేళకు బస్సు లేదు. వంతెన అంచున నగరపాలక సంస్థ తెల్లగీత గీసి ఇచ్చిన సైకిల్ దారే ఆమెకు దిక్కు. ఆ గీత లేని రోజుల్లో ఓ ట్రక్కు అద్దం ఆమె మోచేతిని పలకరించి వెళ్లింది. (వాన వచ్చే ముందు ఆ మోచేయి ఇప్పటికీ కబురు చెబుతుంది.)

అయితే ఆ దారి ప్రయోగాత్మకం. ఉంచాలో తీసెయ్యాలో ద్విచక్ర ఔచిత్య ఉపసంఘం తేల్చాలి. ఉపసంఘం అధ్యక్షుడు, పళ్ల డాక్టరు గోర్డన్ టెలెఫ్‌సన్ దారిని కాపాడి తీరాలని కంకణం కట్టుకుని, ఊరంతా సైకిళ్లు తొక్కి చందాలు పోగుచేసేలా సైకిల్ దారి పరిరక్షణ విరాళాల సవారీ ఏర్పాటు చేశాడు.

ఆ శనివారం పొద్దున్నే వివియన్ వచ్చేసరికి సైకిల్ దారి నిండా కార్లు నిలిపి ఉన్నాయి. దారి మొదట్లో అడ్డంగా పెట్టిన గేటు దగ్గర పక్కింటి మార్లిస్ పచ్చ కోటు వేసుకుని కాపలా కాస్తోంది.

"ఇటు కాదు వివియన్. ఇది సవారీకొచ్చినవాళ్ల పార్కింగు."

"ఇది సైకిల్ దారి కదే."

"అవును మరి. దాన్ని కాపాడ్డానికే ఇంతమంది వచ్చారు. వాళ్ల కార్లు ఎక్కడ పెట్టుకోమంటావు, నా నెత్తినా?"

"నేను పనికి పోవాలే తల్లీ. ఇప్పటికే మా మేనేజరు నా మీద గుర్రుగా ఉన్నాడు."

"వీపున సవారీ నంబరుంటే గేటు తీస్తా. నంబరేదీ?"

ఒంటికి అతుక్కుపోయిన బట్టల్లో, బూట్లు టకటకలాడించుకుంటూ గోర్డన్ వచ్చాడు. మంచి మనిషి. చేతిలో నంబరుకు పెట్టుకోవాల్సిన దరఖాస్తు కాగితం ఉంది.

"ఎంతసేపండీ, రెండు నిమిషాల పని. సవారీ దేనికోసం? వినోదమా, వ్యాయామమా, విరాళమా?"

"ఉద్యోగం."

గోర్డన్ కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూశాడు.

"అది లేదండీ. పోనీ వ్యాయామమని రాసుకోనా?"

"ఏదో ఒకటి రాయండి బాబూ."

"అయితే డాక్టరు సర్టిఫికెట్ కావాలి. నేనివ్వచ్చు గానీ, పళ్లవరకే చెల్లుతుంది."

వివియన్‌కు కడుపు మండింది. కడుపు మంటకు ఆ కాగితంలో గడి లేదు కనుక, కార్లు పోయే రోడ్డు మీదికి సైకిల్ దించింది. వెనక ట్రక్కువాడు హారన్ మోగించి, అద్దం దించి మరీ అడిగాడు.

"సైకిల్ దారి తగలడిందిగా పక్కన. అందులో చావొచ్చుగా."

(న్యాయంగా చూస్తే అతని మాటలో తప్పేమీ లేదు.)

ఆశ్రమంలో ముసలివాళ్లు ఖాళీ గిన్నెల ముందు చెంచాలు పట్టుకుని కూర్చున్నారు. మేనేజరు ఆఖరి అవకాశం ఇచ్చాడు. సైకిల్ దారి ఉన్నంతకాలం ఇక ఆలస్యం కాదని ఆమె మాటిచ్చింది.

ఉపసంఘం ఏ పనైనా శాస్త్రీయంగా చేస్తుంది. ఊరు ఊరంతా సైకిళ్లతో కదిలే రోజుకన్నా మంచి రోజు దొరకదని, దారి వాడకాన్ని సవారీ రోజునే పరిశీలించింది. ఆ పొద్దు దారిలో ఒక్క సైకిలూ నడవలేదు. కార్లు మాత్రం సందు లేకుండా నిండాయి. దాంతో ప్రజల అవసరమేమిటో తేలిపోయింది. వచ్చిన విరాళాలతోనే తెల్లగీత చెరిపి, చక్కగా పార్కింగ్ గడులు గీయించారు.

గోర్డన్‌కు నిజంగానే బాధ కలిగింది. ఆ వారమే వివియన్‌కు ఫోన్ చేశాడు.

"దారి తీసేసినందుకు నిరసనగా ఇంకో సవారీ పెడుతున్నామండీ. మీలాంటివాళ్లు రాకపోతే ఎలా? పార్కింగు గురించి బెంగ పెట్టుకోకండి. ఇప్పుడు వంతెన పొడుగునా పార్కింగే."