సాఫ్ట్‌వేర్‌ని మెచ్చుకోండి, ముట్టుకోకండి!

మీ ఆఫీసుకి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందా? సంతోషించండి. నలుగురిలో మెచ్చుకోండి. వీలైతే దాని గొప్పతనం మీద ఒక మీటింగులో మాట్లాడండి. కానీ పొరపాటున కూడా దాన్ని వాడకండి!

నవ్వకండి. వాడినందుకే మా వదిన సీటు పోయింది.

మా వదిన లిఫ్టులు రిపేరు చేసే కంపెనీలో పనిచేస్తుంది. ఎక్కడ లిఫ్టు ఆగినా లోపల ఇరుక్కున్నవాళ్ళ ఫోను ఆమెకే వచ్చేది. కంగారు పడొద్దని వాళ్ళకి చెప్పి, దగ్గర్లో ఉన్న మెకానిక్‌ని పంపేది. చాలాకాలం ఈ వ్యవహారమంతా ఒక ఫోను, ఒక గొంతు మీద నడిచింది.

తరవాత సాఫ్ట్‌వేర్ వచ్చింది. మేనేజరుగారు దాన్ని విప్లవం అన్నారు. అకౌంట్స్‌వాళ్ళు చప్పట్లు కొట్టారు. సేల్స్‌వాళ్ళు లేచి నిలబడి కొట్టారు. దానికోసం మేనేజరుగారి బల్ల మీద పెట్టిన కంప్యూటర్‌కి ప్లాస్టిక్ కవరు ఇవాళ్టికీ తీయలేదు. యంత్రాన్ని గౌరవించడమంటే అదీ!

మా వదినకి ఆ గౌరవం లేదు. రోజంతా దాని ముందే కూర్చునేది, రోజంతా దాన్నే తిట్టేది. టీ తాగి వచ్చేసరికి అది ఆమెని మర్చిపోయి, మళ్ళీ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుందట. “కొత్త కోడలిగా వచ్చినప్పుడు మీ అమ్మ కూడా నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదయ్యా!” అనేది నాతో.

అసలు గొడవ అది కాదు. ఫిర్యాదు ఎక్కించగానే మెకానిక్ ఫోనుకి లిఫ్టు నంబరు వెళుతుంది. బిల్డింగు పేరు వెళ్ళదు. ఒకటో నంబరు లిఫ్టు లేని బిల్డింగు ఈ లోకంలో ఉందా? అందుకని వదిన ఫిర్యాదు ఎక్కించేది, వెంటనే మెకానిక్‌కి ఫోన్ చేసి బిల్డింగు పేరు చెప్పేది, ఫోన్ పెట్టేసి ఇంకోసారి తిట్టేది.

ఇలా ఉండగా, ఉద్యోగులు సాఫ్ట్‌వేర్‌ని ఎంత ఇష్టపడుతున్నారో తేల్చడానికి కంపెనీ ఒక సలహాదారుని పిలిపించింది. ఆయన అందరినీ అడిగాడు. అందరూ అద్భుతం అన్నారు. వదిన మాత్రం బిల్డింగు పేరు సంగతి చెప్పింది. మేనేజరుగారు ఆమెని గదిలోకి పిలిచారు.

“ఏంటమ్మా, అందరూ బాగుందంటే నువ్వొక్కదానివే బాగాలేదంటావు?”

“వాళ్ళు వాడరు సార్.”

“వాడకుండానే అంత నచ్చిందంటే అదెంత మంచిదో ఆలోచించు!”

మా వదిన తన సీటుకి తిరిగొచ్చి ఇంకో ఫిర్యాదు ఎక్కించింది, ఇంకోసారి తిట్టింది.

సలహాదారు లెక్క తేల్చాడు. మెచ్చుకునేవాళ్ళెవరూ వాడటం లేదు. వాడేవాళ్ళెవరూ మెచ్చుకోవడం లేదు. దీన్నిబట్టి మీకూ నాకూ సాఫ్ట్‌వేర్‌లో ఏదో లోపం ఉందనిపిస్తుంది. మనం సలహాదారులం కాకపోవడానికి కారణం అదే. ఆయనకి మాత్రం వాడకంలో లోపం కనిపించింది. వాడకం వల్ల అభిప్రాయం చెడిపోతోంది కాబట్టి, చెడినవాళ్ళని దానికి దూరంగా ఉంచమన్నాడు.

వదినని ముందు గదిలోకి మార్చారు. వచ్చినవాళ్ళకి కుర్చీ చూపించడం ఇప్పుడామె పని. ఆమె సీట్లో, లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళలో అందరికంటే ఆలస్యంగా చప్పట్లు ఆపి కూర్చున్న సేల్స్ అబ్బాయిని కూర్చోబెట్టారు.

ఫలితం చూడండి. ఆఫీసులో తిట్లు ఆగిపోయాయి. కొన్నాళ్ళకి ఫిర్యాదులూ తగ్గాయి. జనం మెట్లెక్కడానికి అలవాటు పడ్డారు. సాఫ్ట్‌వేర్ మనిషి ఆరోగ్యాన్ని కూడా బాగుచేస్తుందనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

మొన్న నేను దంతాల డాక్టరు దగ్గరికి వెళుతూ లిఫ్టులో ఇరుక్కున్నాను. రెండంతస్తుల మధ్య ఆగింది. లైటు పోయింది. లోపల నేను తప్ప ఎవరూ లేరు. ఫోను వెలుగులో తలుపు మీద రాసిన కంపెనీ పేరూ నంబరూ చూసి ధైర్యం వచ్చింది, మా వదిన కంపెనీయే! పద్ధతి తప్పకూడదు కదా, వదినకి కాకుండా ఆ నంబరుకే ఫోన్ చేశాను. సేల్స్ అబ్బాయి ఎత్తాడు.

“మీ ఫిర్యాదు ఎక్కింది సార్. సిస్టమ్‌లో పచ్చగా కనిపిస్తోంది.”

“నాకు మాత్రం నల్లగా కనిపిస్తోంది నాయనా. మెకానిక్ ఏడీ?”

“వచ్చేశాడు సార్. ఒకటో నంబరు లిఫ్టు బాగానే తిరుగుతోందని ఫిర్యాదు కొట్టేశాడు కూడా.”

“ఏ బిల్డింగులో?”

అతను కీబోర్డు టకటకా కొట్టిన చప్పుడు వినిపించింది.

“అది సిస్టమ్ చెప్పదు సార్. కానీ సిస్టమ్ మాత్రం చాలా బావుంటుంది.”

పంటి నొప్పి సంగతి మర్చిపోయాను. పద్ధతి పక్కనబెట్టి వదినకి ఫోన్ చేశాను.

“వదినా, నేను లిఫ్టులో ఇరుక్కున్నాను. మన దంతాల డాక్టరుగారి బిల్డింగు.”

“పక్కన ఎవరైనా ఉన్నారా?”

“లిఫ్టులో ఒక్కణ్ణే ఉన్నాను వదినా!”

“నీ పక్కన కాదయ్యా, నా పక్కన! ఉండు, చూసుకోనీ.” గొంతు తగ్గించింది. “మేనేజరు ఇటే వస్తున్నాడు. పెట్టెయ్, పెట్టెయ్!”

చీకట్లో నిలబడ్డాను. తలుపు తట్టాను. ఎవరూ పలకలేదు. కాసేపటికి పైనుంచి మెకానిక్ గొంతు వినిపించింది. “సార్, మీరేనా అక్క మరిది?” తలుపు తెరిచి, చెయ్యి అందించి పైకి లాగాడు.

బయటపడగానే వదినకి ఫోన్ చేశాను.

“బతికించావు వదినా! మీ మేనేజరుగారితో నేనే మాట్లాడతాను. నీ సీటు నీకు ఇప్పిస్తాను.”

“అంత పని చెయ్యకు మహానుభావా! నేను మళ్ళీ మెకానిక్‌ని పంపానని తెలిస్తే ఈ కుర్చీ కూడా లాగేస్తారు.”

కాబట్టి పాఠకులారా, నన్ను బయటికి తీసింది ఆ సాఫ్ట్‌వేరే. ఎవరైనా అడిగితే మీరూ అలాగే చెప్పండి.