దుమ్ము లేని గదిలో మూడు తుమ్ములు

లోకంలోని నాసికలన్నింటిలోకీ దీర్ఘమైనదానిని ధరించియు, దానికొరకు ఏ కార్యాలయంలోనూ దరఖాస్తు పెట్టి ఎరుగని గజానన స్వామికి ప్రణమిల్లి చెప్పుతున్న కథ ఇది.

మానవుడు పుట్టినందుకు తుమ్మవచ్చును; ఉద్యోగంలో చేరినందుకు, తుమ్మినట్లు నిరూపించవలెను. అలర్జీ లేని ఇల్లు నేడు అరుదు. ఒకరికి పుప్పొడి పడదు, ఒకరికి పిల్లి, ఒకరికి వేరుశెనగ. (పై అధికారులకు ప్రశ్నలు పడవు.) పాత దస్త్రాల గది గుమాస్తాకు దుమ్ము పడదు. కట్ట విప్పితే చాలు, ముక్కు ధారకట్టేది, కళ్లు దురదపెట్టేవి, మెడంతా దద్దుర్లు. ఈ మధ్య పిల్లికూతలు మొదలై, నాలుగు మెట్లెక్కితే ఊపిరి అందడం లేదు. గది మారకపోతే మందులు పనిచేయవని డాక్టరు తేల్చేశాడు.

"ఆ కట్టల మధ్యే పోతారా ఏమిటి? రేపే కాగితం పెట్టండి," అంది భార్య.

పెట్టాడు. అలర్జీ నిర్ధారణ సంఘం పిలిచింది. నిబంధన స్పష్టం: అభ్యర్థి సంఘం సమక్షంలో మూడు తుమ్ములు తుమ్మవలెను. (రెండైతే జలుబు. నాలుగైతే క్రమశిక్షణా రాహిత్యం.)

సంఘం గదికి గాజు తలుపులు. నేల రోజుకు రెండుసార్లు తుడుస్తారు. అక్కడ కూర్చున్న గుమాస్తాకు ఆరు నెలల తరువాత నిండుగా ఊపిరి ఆడింది. అదే అతని కొంప ముంచింది.

"కానివ్వండి, తుమ్మండి," అన్నాడు నిర్ధారణాధికారి.

"ఇక్కడ రావడం లేదండీ. దుమ్ము లేదు కదా."

"తుమ్ము రాకపోతే అలర్జీ ఎక్కడుందయ్యా?"

"తమరు ఒక్కసారి మా గదికి వస్తే..."

"అక్కడికా? అంతా దుమ్మట కదా."

పక్కనున్న సహాధికారిణి జాలిపడింది. "పోనీ, ఇంట్లో తుమ్మినప్పుడు ఎవరైనా చూశారా?"

"మా ఆవిడ చూసిందండీ."

"దగ్గరి బంధువుల సాక్ష్యం చెల్లదు బాబూ."

చివరకు అతని పాత సర్వీసు దస్త్రం పరిశీలించాలని తీర్మానించారు. గుమాస్తా ముక్కుకు గుడ్డ కట్టుకొని వెళ్లి, తానే మోసుకొచ్చాడు. పరిశీలనవేళ అభ్యర్థి లోపల ఉండరాదు గనుక, అతనిని వసారాలో నిలబెట్టి కట్ట విప్పారు.

గాజు తలుపులోంచి అతను చూస్తూనే ఉన్నాడు. నిర్ధారణాధికారి ఏకబిగిన ఏడుసార్లు తుమ్మాడు. తుమ్మి తుమ్మి సహాధికారిణి కళ్లు చింతనిప్పులైనాయి. 'నా బాధ ఏమిటో వీళ్లకు ఇప్పటికి తెలిసొచ్చింది' అనుకుంటూ గుమాస్తా మనసులోనే దేవుడికి దండం పెట్టుకున్నాడు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది:

"సంఘ సభ్యులకు అలర్జీ కలదని సంఘం ప్రత్యక్షంగా చూసి నిర్ధారించినది. కావున ఇకమీదట ఏ పాత దస్త్రమూ ఈ గదికి రారాదు. దుమ్ము అంటినందున గుమాస్తా దరఖాస్తును సైతం, నిర్ణయం వెలువడునంతవరకు, పాత దస్త్రాల గదిలోనే భద్రపరచవలెను. ఆ గదిని చూచుకొనుటకు దుమ్ము పడే ఉద్యోగి అవసరం. సంఘం ఎదుట ఒక్కసారైనా తుమ్మనివాడు ఈ గుమాస్తా ఒక్కడే."

ఈ కథ విన్నవారందరికీ రెండు ముక్కుపుటాలా గాలి ఆడుగాక. ఆడనినాడు, అది సంఘం కూర్చున్న వేళ అగుగాక.