నాచారం నుంచి ట్యూనా వేటకు

ఉమాపతి బకెట్లో తల ముంచి ముప్పై ఎనిమిది లెక్కపెట్టేసరికి బాత్రూం తలుపు దబదబా మోగింది.

"ఏందయ్యా, లోపల ఉన్నవా, పోయినవా?" అంది భార్య స్వర్ణలత.

ఉమాపతి ఉక్కిరిబిక్కిరి అవుతూ తల బయటికి లాక్కున్నాడు. "ప్రాణాయామం జేస్తున్న లతా! బీపీ ఉన్నదని డాక్టర్ జెయ్యమన్నడు."

"బకెట్లనా?"

"జల ప్రాణాయామం. కొత్తగొచ్చింది."

తలుపవతల నుంచి, "మంచిగ జెయ్యి. ఇయ్యాల్టి సంది నీకు ఉప్పు బంద్" అని వినబడింది.

ఈ ఊపిరి బిగబట్టే జబ్బు పట్టుకుని వారమైంది. ఉమాపతి హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో స్టోర్సు గుమాస్తా. ఇరవై ఏళ్లుగా గాజు సీసాలు అల్మారాల్లోంచి తీయడం, మళ్లీ అల్మారాల్లో పెట్టడం అతని పని. వారం కింద ఒకరోజు అన్నం తింటూ ఫోన్‌లో ఒక వీడియో చూశాడు. నడిసముద్రం. అడుగు కనబడని నీలం. ఒక మనిషి సిలిండరేమీ లేకుండా, ఒక్క ఊపిరితో, బల్లెం తుపాకీ పట్టుకుని లోపలికి దిగాడు. ఎదురుగా అతనికంటే పెద్ద ట్యూనా చేప వచ్చింది.

అంతే, ఉమాపతికి కాలు నిలవలేదు. అన్నం నిలబడి తిన్నాడు. బస్సులో సీటు దొరికినా కూర్చోకుండా ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాడు. టికెట్లు కొట్టేవాడేమో అనుకుని ఇద్దరు చిల్లర ఇవ్వబోయారు. నలభై ఆరేళ్లు వచ్చాయి, గాజు సీసా కంటే గొప్పదాన్ని ఎదురుగా చూసిందే లేదన్న దిగులు అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు.

అతనికి ఈత రాదు. దాన్ని పెద్ద ఇబ్బందిగా అతను అనుకోలేదు.

స్వర్ణలత తమ్ముడు తేజేష్‌కు విశాఖపట్నంలో ఉద్యోగం. సెలవుల్లో దోస్తులతో పడవ మాట్లాడుకుని బల్లెం వేటకు పోతుంటాడు. తననూ తీసుకుపొమ్మని ఉమాపతి అతనికి ఫోన్ చేశాడు.

"ఒక్క సీటే ఉన్నది బావా. నీళ్లల్ల రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టి నెలాఖరు లోపల నాకు జూపియ్యాలె. లేకుంటే పడవెక్కనియ్య."

"జూపిస్త. మీ అక్కకు మాత్రం జెప్పకు. కాళ్లు ఇరగ్గొడ్తది."

"ఛ, నేనెందుకు జెప్త బావా!"

ఉప్పు బంద్ అన్నాక మామిడికాయ తొక్కు జాడీ అటకెక్కింది. ఆదివారం మటన్ స్థానంలో సొరకాయ వచ్చింది. పొద్దున్నే గ్లాసెడు కరివేపాకు కషాయం. బీపీ తగ్గినట్టుందని ఉమాపతి గొణిగితే, "తగ్గినప్పుడే జర జాగ్రత్తగుండాలె" అని ఇంకో గ్లాసు పోసింది. మూడు వారాల్లో అతని ఊపిరి రెండు సెకన్లు పెరిగింది, ఒళ్లు నాలుగు కిలోలు తరిగింది.

ఊపిరి నిలిచేలా లేదు కాబట్టి, గురి చూపించి బామ్మర్దిని మెప్పిద్దామనుకున్నాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మిషన్ మీద పనిచేసే దోస్తు బసవరాజు నాలుగడుగుల ఇనుప చువ్వ, లారీ ట్యూబు రబ్బరు, నట్లు, బోల్టులతో ఒక బల్లెం తుపాకీ తయారు చేసిచ్చాడు.

"దేనికన్నా ఇది?"

"ఇంట్ల కర్టెన్లు ఏలాడదీయనీకె."

బసవరాజు ట్రిగ్గర్ వైపు ఒకసారి, ఉమాపతి వైపు ఒకసారి చూసి, కర్టెన్ల సంగతి ఇంక అడగలేదు.

నెలాఖరు ఆదివారం సాయంత్రం స్వర్ణలత కింద ఇంటి ఓనరమ్మ తారామణితో ముచ్చట్లలో పడింది. ఉమాపతి మేడెక్కి, ఫోన్ పిట్టగోడకు ఆనించి తేజేష్‌కు వీడియో కాల్ చేశాడు. నీళ్ల ట్యాంకు ముందు పెట్టిన పది కిలోల గుమ్మడికాయను ట్యూనా అనుకొమ్మన్నాడు. తుపాకీ ఎత్తాడు. ఏ కన్ను మూయాలో తోచక రెండూ మూసి వదిలాడు.

గుమ్మడికాయ క్షేమంగా ఉంది. చువ్వ దాని వెనక నీళ్ల ట్యాంకు అడుగున దిగింది.

అలాగే వదిలేసుంటే చుక్క చుక్క కారేది. ఉమాపతి కంగారు మనిషి, పీకేశాడు. నీళ్లు చిమ్ముకొచ్చి అతన్ని తడిపి, మెట్లు దిగి పరుగెత్తాయి. అతను బొటనవేలు చిల్లులో దోపాడు.

"ఉమాపతీ! మొత్తం నాచారంల ఒక్క నా మెట్ల మీదనే వాన పడుతున్నదా?" అని కింద నుంచి తారామణి అరిచింది. రోజు విడిచి రోజు నల్లా వచ్చే ఇల్లది. చెంబెడు నీళ్లు వృథా అయినా ఆవిడ అద్దెకున్నవాళ్లతో ఇల్లు ఖాళీ చేయిస్తుంది.

స్వర్ణలత పరుగున పైకొచ్చింది. మొగుడు ట్యాంకును కావలించుకుని ఒంగి ఉన్నాడు.

"ఇది ఏం ఆసనం?"

ఉమాపతికి ఇంక దాచే ఓపిక లేదు. సముద్రం, చేప, సీటు, రెండు నిమిషాలు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"బీపీ?"

"లేదు."

"ఈత?"

"అదీ లేదు."

ఆమె తుపాకీ అందుకుని విప్పింది. బోల్టు తీసి, చిల్లుకు రెండు వైపులా వేసేందుకు లారీ ట్యూబులోంచి రెండు బిళ్లలు కోసింది. ఒక బిళ్ల, నట్టు అతని చేతిలో పెట్టింది. "ట్యాంకు ఖాళీ జేస్తే ఎల్లుండి దాక నీళ్లుండయ్. నేను లోపల్నుంచి బోల్టు దోపుత, నువ్వు బయట బిగియ్యి." చున్నీ నడుముకు చుట్టి, నిచ్చెనెక్కి, గుండెల నిండా గాలి పీల్చి ట్యాంకులోకి దిగిపోయింది.

బోల్టు అతని వేలిని బయటికి తోసింది. ఉమాపతి చేతిలోంచి నట్టు జారి దొర్లిపోయింది. దాని వెనకే పాకాడు, దొరికింది, మళ్లీ జారింది. ట్యాంకులో చప్పుడు లేదు. "లతా! ఉన్నవా? బయటికి రా! నీళ్లు పోతే పోనీ!" అని ట్యాంకు బాదాడు. ఏడుపొచ్చేసింది. ఎట్లాగో నట్టు ఎక్కించి బిగించాడు.

స్వర్ణలత తల పైకి తేలింది. తాపీగా జుట్టు పిండుకుంది. "ఒక్క నట్టుకు గింత సేపా?"

"అక్కా! రెండు నిమిషాల ఇరవై సెకన్లు!" అని పిట్టగోడ మీంచి ఫోన్ కేకేసింది. "సీటు నీదే!"

ఉమాపతి ఫోన్ వైపు తిరిగాడు. "గీమెకు నువ్వే జెప్పినవా?"

"అక్కకు జెప్పకుంట ఎట్ల బావా? తొలిరోజే జెప్పిన."

తొలిరోజే. అంటే సొరకాయ, కషాయం, చప్పిడి పప్పు అన్నీ తెలిసి పెట్టినవే. "మరి ముందుగాల అడగొచ్చు గద!" అన్నాడు.

"నువ్వు నన్ను అడిగినవా? కీసర పక్క మా ఊరి బాయిల తేజేష్‌కు ఈత నేర్పిందే నేను. లగ్గమైనంక ఇరవై రెండేండ్లు, ఒక్కపారి గూడ మునగలే. నీ ఒక్కనికే సముద్రం సూడబుద్ధయితదా?"

ఆ శుక్రవారం ఉమాపతి చర్లపల్లి స్టేషన్‌లో ఆమె సంచి మోసుకెళ్లి విశాఖ రైలెక్కించాడు. మళ్లీ గురువారం అదే ప్లాట్‌ఫారం మీద గంట ముందే వచ్చి పచార్లు చేశాడు.

"సూసినవా?" అన్నాడు, ఆమె కాలు కింద పెట్టకముందే.

"సూసిన. నా పక్కకెల్లే పోయింది. మన బీరువంత ఉన్నది. కన్ను తిప్పి నన్నే సూసింది."

"కొట్టలేదా?"

"చెయ్యెత్తబుద్ధి గాలే. అట్లనే సూస్కుంట ఉండిపోయిన."

ఉమాపతి నుదురు కొట్టుకున్నాడు. కానీ ఆమె ముఖం వెలిగిపోతోంది. ఇన్నేళ్లలో ఆ వెలుగు తానెప్పుడూ చూడలేదని అతనికి సిగ్గేసింది, సంతోషమూ వేసింది. గొంతు తగ్గించి, "మళ్ల పోయేటప్పుడు నన్ను గూడ తీస్కపోతవా?" అన్నాడు.

"ముందుగాల ఈత నేర్సుకో."

ఆ ఆదివారం అల్లుడికి ఈత నేర్పిస్తున్నారని స్వర్ణలత పుట్టింటి ఊరు ఊరంతా బావి చుట్టూ చేరింది. చడ్డీతో గట్టు మీద ఉమాపతి. అతని నడుముకు తాడు. తాడు రెండో కొస స్వర్ణలత చేతిలో.

"లతా, గట్టిగ వట్టుకున్నవా?"

"వట్టుకున్న. దునుకు."

"దునుకుత. జర ఆగు. లోతెంత?"

"దునికితే తెలుస్తది."

"సరే, ఒకటి... రెండు... ఒకటిన్నర..."

స్వర్ణలత వెనక నుంచి ఒక్క తోపు తోసింది.