మేం కాదు, మాకు తెలీదు

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెడదామంటే కుదరదు, ఇది రెండు పెద్ద అడవుల గొడవ. మధ్యలో ఒకే ఒక మడుగు. ఎండలు ముదిరాయంటే చాలు, తూర్పు అడవీ పడమటి అడవీ ఆ నీళ్ల కోసం కొమ్ములు నూరుకునేవి.

పడమటి అడవిలో బంగారమ్మ అనే గోరింక ఉండేది. ఏ గొంతైనా ఒక్కసారి వింటే దించేసేది. పాపం, గుడ్లు పెట్టుకోవడానికి మాత్రం సరైన తొర్ర లేదు. ఉన్నదాంట్లో పాము దూరి రెండుసార్లు గుడ్లు మింగేసింది.

ఒకరోజు ఉడుము మంత్రి ఆమెను పిలిపించాడు.

"తూర్పువాళ్ల బలమంతా వాళ్ల కొండముచ్చుల కాపలాలోనే ఉందమ్మా. చెట్టుకొకటి కూర్చుంటుంది. ఒకటి 'పులి' అని అరిస్తే పక్కది అందుకుంటుంది. క్షణంలో అడవంతా తెలిసిపోతుంది. నువ్వు వాటి మధ్యలో దూరి వాటి గొంతుతోనే అరవాలి. మనవైపు ఒక్క గోరు కూడా అరగదు."

"మరి నాకేంటి, మంత్రిగారూ?"

"మడుగు గట్టున మద్దిచెట్టు తొర్ర నీదే. పాము ఎక్కే వీల్లేదు. కానీ ఒక్కమాట. ఎవరడిగినా మనం చెయ్యలేదు. అసలు నువ్వెవరో నాకు తెలీదు."

బంగారమ్మకు తొర్ర తప్ప ఇంకేమీ వినపడలేదు.

మర్నాడు తూర్పు జింకలు నీళ్లలో మూతి పెట్టగానే "పులి!" అంది. కొండముచ్చులు ఎంతో శ్రద్ధగా అందుకున్నాయి. ఏనుగు దున్న మీద పడింది, దున్న పందుల మీద పడింది. బంగారమ్మ నవ్వలేక కొమ్మ మీంచి జారింది. రోజుకు ఆరుసార్లు ఇదే వరస. వారం తిరిగేసరికి తూర్పువాళ్లు ఎండుటాకు రాలినా పరుగే.

ఎనిమిదోనాడు కొంగను తెల్లజెండాలా ముందు నడిపించుకుంటూ మడుగు గట్టుకు వచ్చారు.

"బాబ్బాబు, ఆ అరుపులు ఎవరివో చెప్పండి. మడుగు వాళ్లకే ఇచ్చేస్తాం."

పడమటి రాజు ఎలుగుబంటి సంబరంగా నోరు తెరిచాడు. ఉడుము ఆయన కాలు తొక్కాడు. ఒప్పుకుంటే మిగతా అడవులన్నీ మీదపడతాయి మరి.

"అరుపులా? మాకేం తెలీదు. తీవ్రంగా ఖండిస్తున్నాం," అన్నాడు రాజు.

బంగారమ్మ ఆగలేకపోయింది. "అయ్యో, అరిచింది నేనే! కావాలంటే వినండి..."

"ఈ పిట్టెవరో మాకు తెలీదు," అంటూ ఉడుము ఆమెను తోకకింద నొక్కేశాడు.

ఊళ్లోంచి తప్పిపోయి వచ్చిన గాడిద ఒకటి అక్కడే గడ్డి మేస్తోంది. తాపీగా తలెత్తింది. "నేనే అరిచాను."

"రుజువేది?" అన్నారు తూర్పువాళ్లు.

గాడిద ఓండ్ర పెట్టింది. తూర్పువాళ్లు కొంగతో సహా మాయం. ఆ కంగారు చూసి పడమటివాళ్లూ పరుగు, ముందు మంత్రి, వెనక రాజు. ఇంతకన్నా రుజువేం కావాలి? సాయంత్రానికి మడుగు గాడిదది అయిపోయింది.

బంగారమ్మ కడుపుమండి కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని వెళ్లి గాడిద చెవి పక్కన వాలింది.

"గాడిదగారూ, రోజూ ఆరుసార్లు అరిస్తే మీ గొంతు పాడైపోతుంది. ఆ పని నేను చూసుకుంటాను. ఆ మద్దిచెట్టు తొర్ర..."

"తీసుకోమ్మా," అంది గాడిద, నీళ్లలో పొర్లుతూ.

ఇప్పుడు ఆ తొర్రలో నాలుగు పిల్లలున్నాయి. నాలుగింటికీ ఓండ్ర పెట్టడం వచ్చేసింది. రెండడవుల రాజులూ దూరంనుంచి పెదవులు తడుపుకుంటూ మడుగుకేసి చూస్తుంటారు.

నీతి: చాటుగా యుద్ధం గెలవదలచినవాళ్లు, చుట్టుపక్కల గాడిదల్ని ముందే కట్టేసుకోవాలి.