గాలిని కత్తిరించే టైలరు

ఆ వీధిలో టైలరు ఎక్కడుంటాడని అడిగితే ఎవరూ చెప్పలేరు. రేపటాయన ఇల్లేది అంటే మాత్రం పాల ప్యాకెట్లు వేసే మనిషి కూడా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దింపుతాడు. బట్టల కోసం ఎవరొచ్చినా "రేపు రండి" అనడం ఆయన అలవాటు. ఒకసారి పెళ్లికొడుకు వచ్చి పెళ్లి ఇవాళే మహాప్రభో అన్నా రేపే రమ్మన్నాడని గిట్టనివాళ్లు పుకారు పుట్టించారు. అది పచ్చి అబద్ధం. సాయంత్రం రమ్మన్నాడు.

ఆయనకు ఇంకో అలవాటు కూడా ఉంది. గుడ్డ కత్తిరించే ముందు కత్తెరను గాల్లో రెండుసార్లు ఆడిస్తాడు. కటక్, కటక్. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగి, అప్పుడు కోత మొదలుపెడతాడు. ఎందుకని అడిగితే పదును చూసుకుంటున్నానంటాడు.

ఇంట్లో పిల్లలిద్దరూ ఏడాదిగా పిల్లి కావాలని అడుగుతున్నారు. ఆయన ఏడాదిగా రేపు అంటున్నాడు. పదేళ్ల పెద్దమ్మాయి ఊరుకునే రకం కాదు. తండ్రి అన్న ప్రతి "రేపు"కీ క్యాలెండర్లో ఒక చుక్క పెట్టి, చుక్కలతో నిండిన క్యాలెండర్ని మిషను ఎదురుగా తగిలించింది.

"ఇక్కడ చూస్తే దారాలు, అక్కడ చూస్తే జనం బట్టలు. పిల్లి వస్తే నా బతుకేం కాను?" అన్నాడాయన భార్యతో.

"ఎలుకలు కొరికిన చొక్కా గురించి మొన్ననే ఒకాయన్ని బతిమాలుకున్నారు. పిల్లి ఉంటే ఆ బతిమాలుడు తప్పేది కాదుటండీ?"

ఆయన మిషను ఇంకా గట్టిగా తొక్కాడు.

సరిగ్గా అప్పుడే ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన పోస్ట్‌మ్యాన్ ఒక మంచి మాట చెప్పాడు. బస్టాండు వెనక పిల్లుల కెఫే పెట్టారట. టీ తాగుతూ పిల్లులతో ఆడుకోవచ్చట. కాకపోతే మధ్యాహ్నం రెండింటికి మాత్రం వెళ్లకూడదట. ఆ వేళకి అన్నీ నిద్రపోతాయి, నిద్రపోయే పిల్లిని లేపకూడదని రూలు.

రేపటాయన బుర్రలో దీపం వెలిగింది. రెండింటికే తీసుకెళ్తాడు. గంటసేపు పడుకున్న పిల్లుల్ని చూస్తే పిల్లలకు విసుగొస్తుంది. ఇంటికొచ్చి చేపల తొట్టి కావాలంటారు. చేపలు దారం ఉండల జోలికి రావు.

ఆదివారం మధ్యాహ్నం కెఫేకి వెళ్దామని ఆయన అంటే భార్య వెంటనే సరేనంది. పదమూడేళ్ల కాపురంలో ఆవిడ ఎదురు ప్రశ్న లేకుండా సరేననడం అదే మొదటిసారి. అక్కడే ఆయనకు అనుమానం రావలసింది. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి తననెవరూ చూడటం లేదనుకుంటుందట. ఆయన కూడా అలాగే అనుకున్నాడు.

పైగా ఆ వారమే ఆవిడ ఒక పని కూడా తెచ్చి అప్పగించింది. మూరెడు వెడల్పున గుండ్రటి మెత్త. అంచు ఎత్తుగా ఉండాలి, ఒక పక్క మాత్రం తగ్గాలి.

"ఎవరికి?" అన్నాడాయన.

"ఒక పెద్దమనిషికి. పగలు కాసేపు నడుం వాలుస్తారట."

"మూరెడు మెత్త మీదా?"

"కొలతలు తీసుకోవాలి గానీ మనిషిని కొలవకూడదని మీరేగా అంటారు."

సరేనని కుట్టాడు. మిగిలిన గుడ్డముక్కల్లో మెత్తనివి ఏరి, దూది దట్టంగా కూరి, జీవితంలో మొదటిసారి చెప్పిన రోజుకే ఇచ్చాడు.

కెఫేలో పదకొండు పిల్లులున్నాయి. ఒకటి అరలో, ఒకటి బుట్టలో, ఒకటి ఏకంగా బిల్లు మిషను మీద, అన్నీ గాఢనిద్రలో ఉన్నాయి. పిల్లలు చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, ఊపిరి కూడా మెల్లగా పీలుస్తూ కూర్చున్నారు. పెద్దమ్మాయి గుసగుసగా పిలిచింది. ఆరేళ్ల చిన్నోడు ఈక కట్టిన పుల్లను ఊపి ఊపి చెయ్యి మార్చాడు. ఒక పిల్లి కన్ను తెరిచి, వాణ్ణి చూసి, మళ్లీ మూసుకుంది. భార్య కౌంటరు దగ్గర కెఫే అమ్మాయితో ఏదో మాట్లాడుతోంది. రేపటాయన టీ చప్పరిస్తూ, చేపల తొట్టి ఏ మూల పెట్టాలా అని ఆలోచిస్తున్నాడు.

అరగంట గడిచాక చిన్నోడు వచ్చి ఆయన మోకాలికి ఆనుకుని నిలబడ్డాడు. "నాన్నా, నేనంటే వీటికి ఇష్టం లేదా?"

ఆయన చేతిలో కప్పు కిందికి దిగింది.

అదే మాట, ఇంచుమించు అదే వయసులో, ఆయనా వాళ్ల నాన్నను అడిగాడు. వాళ్ల నాన్నా టైలరే. కొట్లో ఒక పిల్లి ఉండేది. నల్ల ఒళ్లు, మెడకింద తెల్ల పట్టీ. అందుకని ప్లీడరు అనేవాళ్లు. నాన్న మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పి కత్తెర రెండుసార్లు ఆడిస్తే ప్లీడరు ఏ గోడ మీదున్నా దూకి వచ్చేది. తిన్నాక మాత్రం కుర్రాడి ఒళ్లోనే పడుకునేది. ఇల్లు మారిన రోజున లారీలో సామాను ఎక్కించేశారు, ప్లీడరు కనిపించలేదు. కుర్రాడు పెద్ద కత్తెర రెండు చేతులతో పట్టుకుని వాకిట్లో కటక్ కటక్ మనిపిస్తూనే ఉన్నాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. నాన్న వచ్చి ఎత్తుకుని లారీలో కూర్చోబెట్టాడు. ప్లీడరు రాలేదు. లారీ కదిలాక కుర్రాడు నాన్నను అడిగాడు, నేనంటే దానికి ఇష్టం లేదా అని. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లుగా గుడ్డ కోసే ముందు కత్తెర ఆడించి ఒక్క క్షణం ఆగడం ఆయన మానలేదు. మళ్లీ పిల్లిని తెచ్చుకోవడం అంటే మాత్రం ఆయనకు భయం.

చిన్నోడి ముఖం చూశాక ఆయనకు చేపల తొట్టి గుర్తులేదు. జేబులోని దారాలు తెంపే చిన్న కత్తెర చేతిలోకి వచ్చేసింది.

కటక్, కటక్.

పదకొండు పిల్లులూ ఒక్కసారి లేచాయి. అరలోది ఆయన భుజం మీదికి, బుట్టలోది ఒళ్లోకి, బిల్లు మిషను మీదిది నేరుగా నెత్తి మీదికి దూకాయి. మెడలోంచి తీయడం మరిచిపోయిన కొలత టేపును రెండు పిల్లులు చెరో పక్కా లాగుతుంటే, జీవితంలో మొదటిసారి ఆయన మెడకే కొలత పడింది. టీ ఒలికింది, కుర్చీ పడింది, కుర్చీతోబాటు ఆయనా పడ్డాడు. పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు.

"సార్, కత్తెర దాచేయండి. వాటి తిండి ప్యాకెట్లు నేను కత్తెరతోనే కోస్తాను," అంటూ కెఫే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. కత్తెర ఇచ్చిన మాట పోకుండా నాలుగు ప్యాకెట్లు కోసి పెట్టాక గాని గొడవ సద్దుమణగలేదు.

తిని పది పిల్లులు తమ చోట్లకు వెళ్లిపోయాయి. ఒకటి మాత్రం వెళ్లలేదు. బూడిదరంగు ముసలి పిల్లి. ఎవరి వాదనా వినే ముఖం కాదు. మూతి తుడుచుకుని, ఆయన ఒళ్లోకి ఎక్కి, టేపు మీద చెయ్యి వేసుకుని పడుకుంది. పెద్దమ్మాయి దానికి అక్కడికక్కడే జడ్జిగారని పేరు పెట్టేసింది.

గంట అయిపోయింది. పిల్లలు చెప్పులు కూడా వేసుకున్నారు.

"ఇంటికెళ్దామాండీ?" అంది భార్య.

"నిద్రపోయేదాన్ని లేపకూడదట. రేపు వెళ్దాం," అన్నాడు రేపటాయన.

అప్పుడు కెఫే అమ్మాయి ఒక కాగితం తెచ్చింది. ఇక్కడి పిల్లుల్ని పెంచుకునేవాళ్లకు ఇస్తామని, ఈ అక్క వారం క్రితమే వచ్చి అన్నీ రాసి వెళ్లారని చెప్పింది. ఏ పిల్లి అన్న చోట మాత్రం ఖాళీ వదిలారట. సార్ ఒళ్లో ఏది ఉండిపోతే అదే అన్నారట.

ఆయన భార్యకేసి చూశాడు. "నీకెలా తెలుసు?"

"మీరు కత్తెర ఆడించేది పదును కోసం కాదని అత్తయ్య పెళ్లయిన వారానికే చెప్పారు," అందావిడ. "మీరే చెప్తారని ఇన్నేళ్లు చూశాను. రేపూ రేపూ అంటూనే ఉన్నారు."

ఒళ్లో పిల్లి ఉందిగనక ఆయనకు తల వంచుకోవడానికి వీలైంది.

ఇంటికొచ్చేసరికి మిషను పక్కన, ఎండ పడే చోట, గుండ్రటి మెత్త వేసి ఉంది. జడ్జిగారు చుట్టూ ఒకసారి నడిచి, అంచు తగ్గిన పక్కనుంచి ఎక్కి పడుకున్నారు. కొలత సరిగ్గా సరిపోయింది.

మర్నాడు పొద్దున్న ఆయన గుడ్డ పరిచి, గీతలు గీసి, కత్తెర గాల్లోకి ఎత్తాడు. కటక్, కటక్. అలవాటుగా ఆగాడు. బల్ల మీద ధబ్బుమని చప్పుడైంది. జడ్జిగారు వచ్చి చొక్కా గుడ్డ మీద నడుం వాల్చారు. కాసేపటికి ఆ చొక్కా కోసమే పోస్ట్‌మ్యాన్ వచ్చాడు.

రేపటాయన కళ్లు తుడుచుకుని, వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

"రేపు రండి," అన్నాడు.