పదహారు బండ్ల సున్నం

ఆ పొద్దున పండరి వేసుకున్న పథకం చాలా చిన్నది. పిట్లం బట్టీ నుంచి ఒక బండి సున్నం, వర్ని నుంచి ఒక బండి ఇటుక. గురువారానికి రెండూ దిగితే, సోమవారం కాలువకు నీళ్లు వదిలేలోపు బాన్సువాడ అవతల కూలిన తూము కట్టేయొచ్చు. ఇరవై ఏళ్లు ఒకరి కింద తాపీ పట్టాక సొంత పేరు మీద దొరికిన మొదటి గుత్త అది. గడువు తప్పితే ఆ పేరు కొట్టేస్తారు.

అంబలి తాగుతుండగా ఓవర్సీరు దేవిదాస్ సైకిలు దిగాడు. సామాను తక్కువ పడితే బాధ్యత ఎవరిదో, ఆ జిమ్మేదారు పేరు రాసి పంపమని పై కచేరీ నుంచి వచ్చిన కాగితం ఆయన చేతిలో ఉంది.

"సున్నం ఒక్క బండేంది పండరీ? రెండు తెప్పియ్యి."

"ఒక్కటి సాలు సారూ."

"సాలుడు కాదయ్యా ముఖ్యం. రేపు నన్నెవ్వడు అడగొద్దు."

ఆయన భయం పండరికి అంటుకుంది. తండాకు పోయి, బండ్లు కట్టే గోప్యాకు నాలుగు చెప్పాడు. గోప్యా మాట పోగొట్టుకునే మనిషి కాదు, ఎనిమిది మందికి కబురు పెట్టాడు. దారిలో ఇరుసు విరిగితే ఎట్లా అని ఆ ఎనిమిది మందీ తలా ఒక బావమరిదిని బండితో సహా తోడు పిలుచుకున్నారు. బట్టీవాడు మాత్రం పదహారింటికీ సున్నం ఎందుకు అమ్మనంటాడు?

గురువారం పదహారు బండ్ల సున్నం కాలువ కట్ట ఎక్కి కూర్చుంది. సన్నని కట్ట, బండి తిప్పే చోటు లేదు.

"గోప్యన్నా, ఇటుకల బండి యాడున్నదే?"

"ఎనక ఉన్నదన్నా. గీ పదహారింటి ఎనక."

సద్ది తెచ్చిన పండరి భార్య ప్రేమల బుగ్గలు నొక్కుకుంది. "తూము కడుతున్నవా, కోట కడుతున్నవా?"

అప్పుడే వాన మొదలైంది. కాల్చిన సున్నపురాయి మీద చినుకు పడితే ఊరుకుంటుందా? బండ్లు కుతకుత ఉడికి పొగలు కక్కాయి. "బొర్లియ్యుండ్రి! గుంతలల్ల బొర్లియ్యుండ్రి!" అని పండరి గొంతు చించుకున్నాడు. కట్ట కోసం మట్టి తవ్విన గుంతలన్నీ తెల్లబడ్డాయి. అంతలో పెద్ద ఇంజనీరు మోటారు వినిపించింది. కట్ట మీదే ఉన్న దేవిదాస్ గొడుగు కింద నిలబడి, ఆ కాగితంలో జిమ్మేదారు అన్నచోట పండరి పేరు రాసేశాడు. అది చూసిన పండరి, బండ్లవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడ్డారు.

"గట్ల నిలవడ్డరేంది? బండి రాకుంటే ఇటుక రాదా?" అంది ప్రేమల. "గింతమంది ఉన్నరు, చేతులు మార్చుండ్రి!"

బండ్లవాళ్లు కట్ట పొడుగునా వరుసకట్టారు. తండా పాట అందుకున్నారు. పాటతో పాటు ఇటుకలూ చేతులు మారి గంటలో తూము దగ్గరికి చేరాయి. నానిన సున్నం ఎటూ సిద్ధం. బండ్లు అడ్డం ఉండి మోటారు ఆగిపోతే నడిచి వచ్చిన ఇంజనీరు, పొగలు చూశాడు, వరుస చూశాడు, ఆనందం పట్టలేకపోయాడు.

"ఇంత మంచి ఇంతెజాం, గిసువంటి ఏర్పాటు నేను యాడా చూడలే! ఎవరు జిమ్మేదారు?"

దేవిదాస్ పండరి పేరు కొట్టేసి తన పేరు రాసుకున్నాడు.

ఆదివారానికి తూము పూర్తయింది. సోమవారం నీళ్లు దాని గుండా గలగలా పారుతుంటే పండరి చిన్నపిల్లాడిలా ఎగిరాడు. నెల తిరక్కుండా అతనికి ఇంకో తూము దొరికింది. దానితోపాటు పై కచేరీ ఉత్తర్వు కూడా వచ్చింది: ఇకమీదట ప్రతి తూముకూ సున్నం పదహారు బండ్లు.

దేవిదాస్ సైకిలు దిగుతూనే, "పదిహేడు తెప్పియ్యి పండరీ, ఎందుకన్న మంచిది," అన్నాడు.